నెట్ పోయినా ఫైలు ఇల్లు చేరుతాది: సింక్‌థింగ్ ఏళ్ళ తరబడి వాడేక

సింక్‌థింగ్ అంటే ఒకే ఫోల్డరుని మన సిస్టముల్లోనూ ఫోన్లోనూ ఒకేలా ఉంచే సాఫ్ట్‌వేరు. దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చెయ్యాలి, డివైస్ ఐడీ ఎక్కడుంటాది, క్యూఆర్ కోడ్ ఎలా స్కాన్ చెయ్యాలి ఇవన్నీ చెప్పే వీడియోలు బోలెడున్నాయి. ఫ్రీ, ఓపెన్ సోర్సు, 2013 నుంచి ఉన్నాది, ఇవి కూడా మీకు తెలిసినవే, నేను వాటి జోలికి వెళ్ళను. నాకు నచ్చింది ఒక్కటే, దాని గురించే చెప్తాను. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. లేకపోతే సర్దుకుంటాది అని కాదు, అసలు అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క మీద నేను దీన్ని ఎంత మందికి చెప్పేనో, ఎంత మంది అది ఒక లాభమా అని నా వైపు చూసేరో నాకే తెలుసు.

మాది పర్లాకిమిడి. పెళ్ళి కార్డులు, ఓపెనింగ్ ఇన్విటేషన్లు, ఫ్లెక్సీలు, డీటీపీ పని. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, ఆనుకునే ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది, గానీ సంబంధాలు చుట్టరికాలు ఎక్కడికి పోతాయి, పిల్ల అటూ పిల్లడు ఇటూ అయిన పెళ్ళిళ్ళు ప్రతి సీజన్లోనూ ఉంటాయి. కాబట్టి కార్డు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా. తెలుగు నేను షాపులో ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో కొడతాను. ఒడియా మా ఆవిడ ఇంటి దగ్గర సిస్టంలో కొడతాది, ఆవిడ చదువంతా ఒడియా మీడియం, నాకు మాట్లాడ్డం వచ్చు చదవడం వచ్చు గానీ పేర్లలో దీర్ఘాలు ఆవిడకి దొరికినట్టు నాకు దొరకవు. అంటే కార్డు డిజైన్ చేసే కోరల్ డ్రా సాఫ్ట్‌వేరులో ఒకే ఫైలు రోజుకి రెండు మూడుసార్లు షాపుకీ ఇంటికీ మధ్య తిరగాలి.

పెన్‌డ్రైవుతో తిప్పిన రోజులు తలుచుకుంటేనే ఒళ్ళు మండుతాది. జెరాక్స్ షాపులు నడిపేవాళ్ళకి షార్ట్‌కట్ వైరస్ గురించి చెప్పక్కర్లేదు, ఎవరో కస్టమర్ పెన్‌డ్రైవ్ పెడతాడు, సాయంత్రానికి మన ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయి కూర్చుంటాయి, అదే మన పెన్‌డ్రైవులో ఎక్కి ఇంటికీ వెళ్ళిపోతాది. తర్వాత గూగుల్ డ్రైవ్ కొన్నాళ్ళు వాడేను. బాగానే ఉంటాది, కాదనను, గానీ ఫ్రీగా ఇచ్చే 15 జీబీ జీమెయిలుకీ ఫొటోలకీ అన్నిటికీ కలిపి, అది ఎప్పుడో నిండిపోయింది. పైగా షాపు నుంచి ఇల్లు నడిచి వెళ్ళే దూరం, ఆ ఫైలు ఎక్కడో ఉన్న సర్వరుకి ఎక్కి మళ్ళీ దిగాలి, ఆ రోజు నెట్ లేకపోతే రెండు సిస్టములూ పక్కపక్కనే ఉన్నా పని జరగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టినప్పుడు గజపతి జిల్లా ఎలా అయిపోయిందో ఇక్కడి వాళ్ళందరికీ గుర్తే, రోజుల తరబడి కరెంటూ లేదు, సిగ్నలూ లేదు. అప్పట్నుంచీ నాకు నెట్ మీద ఆధారపడే ఏ ఏర్పాటు మీదా నమ్మకం కుదరలేదు.

సింక్‌థింగ్‌లో మొదట ఒక చిక్కు ఉంది. అది ఒక సిస్టం నుంచి ఇంకో సిస్టంకి నేరుగా పంపిస్తాది, మధ్యలో ఎవరి సర్వర్లోనూ దాచదు, కాబట్టి రెండూ ఒకే టైములో ఆన్లో ఉండాలి. షాపు మూసేక అక్కడ సిస్టం ఆఫ్. ఇంట్లో సిస్టం ఆవిడ కూర్చున్నప్పుడే ఆన్. ఇవి రెండూ కలిసేది ఎప్పుడు? దీనికి నేను చేసింది ఏటంటే అదే ఫోల్డరు నా ఫోన్లో కూడా పెట్టేను. షాపులో ఉన్నంతసేపూ ఫోను షాపు వైఫైలో ఉంటాది, నేను సేవ్ చేసిన ఫైలు కాసేపటికల్లా ఫోన్లోకి వచ్చీస్తాది. భోజనానికి ఇంటికెళ్తే ఫోను ఇంటి వైఫై పట్టుకుంటాది, చెప్పులు విప్పేలోపు ఫైలు ఆవిడ సిస్టంలో ఉంటాది. తపాలా బంట్రోతు పని ఫోను చేస్తాది, నేను దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నానంతే. రెండు చోట్లా రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంటే చాలు, ఆ రౌటర్లోకి నెట్ వస్తోందా లేదా అన్నది దీనికి సంబంధమే లేదు, లోకల్ నెట్‌వర్క్‌లోనే ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, నెట్ లేని వైఫై అయితే కొన్ని ఫోన్లు ‘దీనికి ఇంటర్నెట్ లేదు, అయినా ఉండమంటారా’ అని అడుగుతాయి, ఉండమని చెప్పాలి, లేకపోతే మొబైల్ డేటాకి దూకీస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. దీని మీద నాకు ఇంత అభిమానం ఎందుకొచ్చిందో ఇది చెప్తే గానీ అర్థం కాదు.

కార్తీకమాసం పెళ్ళిళ్ళ సీజను. రోడ్డు పనిలో ఎక్కడో ఫైబర్ తెగిపోయి నెట్ లేదు. పాతపట్నం పిల్ల, కాశీనగర్ పిల్లడు, కార్డు మర్నాడు పొద్దున్న ప్రింటుకి వెళ్ళాలి. మధ్యాహ్నం నేను ఫైలు ఇంటికి తెచ్చేను, ఆవిడ సాయంత్రం ఒడియా పక్క కూర్చుని పిల్లడి తాతగారి పేరు, ఊరి పేరు సరిచేసింది. అదే సాయంత్రం కాస్త పొద్దుపోయేక పిల్ల మేనమామ షాపుకి వచ్చేడు, ‘మాస్టారూ, కల్యాణ మండపం మారిపోనాది, వెంటనే మార్చీండి’ అని. ఇంతలో కరెంటు పోయింది, షాపు సిస్టంకున్న యూపీఎస్ నిలబెట్టలేదు, కరెంటు వచ్చేక మళ్ళీ ఆన్ చేసేను. ఆ సిస్టం మదర్‌బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ అయిపోవచ్చినట్టుంది, తేదీ ఎప్పటిదో పాత ఏడాదికి వెళ్ళిపోయింది. నెట్ ఉంటే విండోస్ దానంతటదే సరిచేసుకునేది, నెట్ లేదు. కస్టమర్ ఎదురుగా నిలబడి ఉన్నాడు, ముందు మండపం పేరు మార్చి సేవ్ చేసి చూపించి పంపించేను.

రాత్రి ఇంటికి వచ్చేసరికి ఒకే ఫైలు రెండు చోట్లా రెండు రకాలుగా మారి ఉంది. ఇంట్లో దాంట్లో ఒడియా సరిగ్గా ఉంది, తెలుగు పాతది. ఫోన్లో వచ్చిన దాంట్లో తెలుగు కొత్తది, ఒడియా పాతది. పెన్‌డ్రైవ్ అయితే ఏమయ్యేది? కాపీ పేస్ట్, ‘రీప్లేస్ చెయ్యాలా’ అంటే ఓకే, ఒకరి పని మాయం. అది మర్నాడు కార్డు ప్రింటయ్యేకే తెలిసేది. ఇక్కడ ఆవిడ సిస్టం ముందు కూర్చుని ‘ఏవండీ, ఈ కార్డు ఫైళ్ళు రెండున్నాయేటి’ అన్నాది. చూస్తే ఒకటి మామూలు పేరుతో ఉంది, రెండోది అదే పేరుకి సింక్-కాన్‌ఫ్లిక్ట్ అని తగిలించి, తేదీ, టైము, ఏ సిస్టంలో మారిందో దాని ఐడీలో మొదటి ఏడు అక్షరాలతో సహా ఉంది. ఆ అక్షరాలు చూసి ఇది షాపుది అని గుర్తుపట్టేను. రెండూ పక్కపక్కన తెరిచి తెలుగు పక్క ఇందులోంచి, ఒడియా పక్క అందులోంచి కలిపి సేవ్ చేసేం. కార్డు తప్పు లేకుండా వెళ్ళింది.

అప్పుడు నాకు కుతూహలం కలిగి దీని డాక్యుమెంటేషన్ చదివేను. షాపు సిస్టంలో తేదీ అంత వెనక్కి ఉన్నా నేను చేసిన మార్పు ‘పాతది కదా’ అని ఎందుకు తొక్కీలేదు? ఏటంటే ఇది ఏది కొత్తదన్నది గడియారం చూసి తేల్చుకోదు. ప్రతి ఫైలుకీ ఏ డివైసు ఎన్నోసారి మార్చిందన్న లెక్క ఉంటాది, దాన్ని వెర్షన్ వెక్టర్ అంటారు. ఆ లెక్కలో ఒకటి ఇంకోదాని తర్వాత వచ్చిందైతే మామూలుగా మార్చీస్తాది. రెండూ ఒకదాని సంగతి ఒకటి తెలీకుండా మారితే అది గొడవ అని పట్టుకుని రెండూ ఉంచుతాది. ఎంత మంచి ఆలోచన! ఎవరో ఎక్కడో కూర్చుని, ఇలా కరెంటు పోయే షాపులూ, తేదీ తప్పే సిస్టములూ ఉంటాయని కూడా ఊహించి రాసినట్టుంది. అలాంటి పని చేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

గానీ ఒకటి ఉంది. రెంటిలో ఏది అసలు పేరుతో ఉంటాది, ఏది కాన్‌ఫ్లిక్ట్ పేరుతో పక్కకి వెళ్తాది అన్నది మాత్రం ఫైలు సేవ్ అయిన టైము చూసే. పాత టైము ఉన్నది పక్కకి వెళ్తాది. అందుకే నిజానికి తర్వాత చేసిన నా మార్పు పక్కకి వెళ్ళింది. ఆవిడ చూసి ఉండకపోతే పొద్దున్న మామూలు పేరున్న ఫైలే ప్రింటుకి వెళ్ళేది, పాత మండపం పేరుతో. అంటే ఇది మీ పని పోనివ్వదు, గానీ రెండున్నాయని వచ్చి మిమ్మల్ని తట్టి లేపదు. మనమే చూసుకోవాలి. ఆ వారంలోనే షాపు సిస్టంకి బ్యాటరీ మార్పించేను, ఇప్పుడు ప్రింటుకి పంపే ముందు ఫోల్డర్లో కాన్‌ఫ్లిక్ట్ అని సెర్చ్ చెయ్యడం ఇద్దరికీ అలవాటైపోయింది.

ఇంకో విషయం, దీన్ని బ్యాకప్ అనుకోకండి. ఒక చోట డిలీట్ చేస్తే అన్ని చోట్లా డిలీట్ అవుతాది, అది దాని ధర్మం. ఫైల్ వెర్షనింగ్ అని ఉంటాది, ఆన్ చేసుకుంటే పాత కాపీలు ఎస్‌టీవెర్షన్స్ అనే ఫోల్డర్లో దాస్తాది. నేను ఇంటి సిస్టంలో స్టాగర్డ్ అన్నది పెట్టేను, పాతబడే కొద్దీ తక్కువ కాపీలు ఉంచే పద్ధతి అది. గానీ అది కూడా వేరే డివైసు నుంచి వచ్చిన మార్పులకే, అదే సిస్టంలో కూర్చుని మీరు చెరిపితే అక్కడ కాపీ ఉండదు. ఏ సిస్టంకి ఆ సిస్టంలో, ఏ ఫోల్డరుకి ఆ ఫోల్డరులో ఆన్ చేసుకోవాలి. ఇది చాలామంది చూసుకోరు.

మారిన ముక్కలే పంపుతాది, మొత్తం ఫైలు పంపదు అని అందరూ పొగుడుతారు, నేనూ మొదట్లో అలాగే చెప్పేవాణ్ణి. నిజమే, గానీ మా డీటీపీ వాళ్ళకి దాని లాభం తక్కువ. కోరల్ కొత్త వెర్షన్ల ఫైలు లోపల జిప్ లాగా కంప్రెస్ అయి ఉంటాది కాబట్టి ఒక అక్షరం మార్చినా చాలా ముక్కలు మారిపోతాయి. లోకల్ వైఫై కాబట్టి మాకు తెలీదు గానీ నెట్ మీద పంపేవాళ్ళకి తెలుస్తాది. కోరల్ చేసే బ్యాకప్ కాపీలు కూడా ఫోన్లోకి ఎక్కీసేవి, ఏ ఫైళ్ళు వదిలెయ్యాలో చెప్పే ఇగ్నోర్ ప్యాటర్న్స్‌లో పెట్టేక ఆగేయి. ఫాంట్ల ఫోల్డరు కూడా సింక్‌లో పెట్టేం, ఫైళ్ళు వస్తాయి గానీ రెండో చోట మనమే ఇన్‌స్టాల్ చేసుకోవాలి, లేకపోతే అను మేటరంతా పిచ్చి గీతలే.

నిజంగా బాధ పెట్టింది ఫోన్ యాప్. మొత్తం ఏర్పాటు ఫోను మీదే నిలబడి ఉందా, 2024 అక్టోబరులో అఫీషియల్ ఆండ్రాయిడ్ యాప్ ఆపీస్తున్నాం అని ప్రకటించేరు, ఆ డిసెంబరు రిలీజే ఆఖరిది. ప్లే స్టోర్లో పెట్టడానికి గూగుల్‌తో వచ్చే ఇబ్బందులూ, చూసుకునే మనిషి లేకపోవడమూ కారణం అని రాసేరు. వాళ్ళని తప్పు పట్టలేం, జీతం లేకుండా చేసే పని. ఇప్పుడు నేను వాడేది సింక్‌థింగ్-ఫోర్క్ అని వేరేవాళ్ళు నడిపే యాప్, ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్సు యాప్‌ల స్టోరు నుంచి వేసుకున్నాను. బాగా నడుస్తోంది, ఆప్షన్లు పాతదాని కంటే ఎక్కువే ఉన్నాయి. గానీ ఇది కూడా ఎన్నాళ్ళో అన్న దిగులు లోపల ఉంటాది. పైగా ఫోన్లో బ్యాటరీ సేవింగ్ దీన్ని నిద్రపుచ్చీకుండా సెట్టింగు మార్చుకోవాలి. స్టోరేజ్ క్లీనర్లతో ఇంకో బెడద, సింక్ ఫోల్డర్లో ఎస్‌టీఫోల్డర్ అని ఒక గుర్తు ఉంటాది, ఖాళీ ఫోల్డరు కదా అని క్లీనర్ దాన్ని చెరిపీసేది. అది కనబడకపోతే సింక్‌థింగ్ ఆ ఫోల్డరు సింక్ ఆపీస్తాది. మొదట్లో నాకు కోపం వచ్చేది, గానీ ఆలోచిస్తే అది మంచికే, డిస్కే ఊడిపోయినప్పుడు ‘ఫైళ్ళన్నీ డిలీట్ అయ్యేయి’ అనుకుని మిగతా చోట్ల కూడా చెరిపీకుండా పెట్టిన కాపలా అది.

2025 ఆగస్టులో సింక్‌థింగ్ 2.0 వచ్చింది. లోపల డేటాబేసు ఎస్‌క్యూలైట్‌కి మార్చేరు, మొదటిసారి తెరిచినప్పుడు పాతదాన్ని మార్చుకోడానికి షాపు సిస్టం పాత హార్డ్‌డిస్కు మీద చాలాసేపు పట్టింది, ఆగిపోయిందేమో అనిపించేంత. మధ్యలో ఆపకండి. ఇంకోటి, ఇప్పటి వెర్షన్లు విండోస్ 7లో నడవవు. పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరు కోసం ఇంకా 7 మీదే ఉన్న షాపులు మా బజార్లో ఉన్నాయి, వాళ్ళకి నేను ఇది పెట్టుకోమని చెప్పలేను.

ఎవరికి బాగుంటాది అంటే, నాలాగ రెండు చోట్లు, ఇద్దరు మనుషులు, మధ్యలో రోజూ తిరిగే ఒక ఫోను, ఫైళ్ళు ఫోన్లో పట్టే సైజు, అలాంటి వాళ్ళకి. నెట్ బాగా ఉండి 15 జీబీ సరిపోతే డ్రైవే సుఖం, సెట్టింగుల గొడవ ఉండదు. ఐఫోన్ నేను వాడలేదు కాబట్టి చెప్పను. గుణుపురంలో మా బావమరిది ఫొటో స్టూడియో నడుపుతాడు, ‘బావా, నాక్కూడా పెట్టు’ అని అడుగుతున్నాడు. వాడి పెళ్ళి వీడియోలు ఫోన్లో పట్టేవి కావు, నీకు హార్డ్‌డిస్కే మేలురా అన్నాను. ఆల్బం డిజైన్ ఫైళ్ళ వరకూ అయితే పెట్టి చూద్దాం అన్నాను, అది కూడా వాడి స్టూడియో సిస్టం విండోస్ 7 నుంచి మార్చేకే.