మిద్దె తోటలో టమాటా: హైబ్రిడ్ విత్తనమా, నాటు విత్తనమా?

హైదరాబాద్‌లో మిద్దె తోట మొదలుపెట్టే వాళ్లకు మొదటి సందేహం ఇదే.

ఖర్చు: హైబ్రిడ్ ప్యాకెట్ ధర ఎక్కువ, పైగా ప్రతి పంటకూ కొనాలి. నాటు విత్తనం ఒకసారి దొరికితే చాలు.

అసలు తేడా జన్యువుల్లో ఉంది. హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు రకాలను కలిపిన మొదటి తరం. అందుకే మొక్కలన్నీ ఒకేలా, జోరుగా కాస్తాయి. వాటి గింజలు దాచి వేస్తే మాత్రం జన్యువులు కొత్తగా కలిసి కాయలు తలోరకంగా వస్తాయి. 1866లో మెండెల్ అనే శాస్త్రవేత్త బఠాణీలతో ప్రయోగాలు చేసి ప్రచురించింది ఈ లెక్కే. టమాటాలో ఎక్కువగా స్వపరాగ సంపర్కమే (పువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టడం) జరుగుతుంది కాబట్టి నాటు రకం తల్లి మొక్కలాగే వస్తుంది.

శ్రమ: దాదాపు సమానం. నాటు గింజ దాచాలంటే గుజ్జును రెండు మూడు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెట్టాలి. వాసన భరించాలి మరి!

రిస్క్: ఆకుముడత వైరస్‌ను తట్టుకునే హైబ్రిడ్లు దొరుకుతాయి. నాటులో ఆ భరోసా తక్కువ. మే ఎండలకు మాత్రం రెండింటికీ టెన్షనే. పుప్పొడి దెబ్బతిని పూత రాలుతుంది.

నాలుగు కుండీలే ఉండి, ఈ సీజన్‌లోనే కాయలు కావాలంటే హైబ్రిడ్. పులుపు కావాలి, ఏటా వేసుకోవాలి అంటే నాటు. బాల్కనీలో ఐదారు గంటల ఎండ పడకపోతే ఆకులు చాలినంత చక్కెర తయారుచేసుకోలేవు. టమాటా వదిలేసి పాలకూర వేసుకోండి.