స్కీ వ్యాక్స్ ఇస్త్రీపెట్టె: తిరుపతిలో కొన్నేళ్లు వాడాక

మంచు మీద జారేందుకు కాళ్లకు బిగించుకునే స్కీలు సొంతవి ఉండి, ఏటా కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కో ఉత్తరాఖండ్‌లోని ఔలికో వెళ్లేవాళ్లయితే, స్కీల అడుగున మైనం (వ్యాక్స్) కరిగించి పూసే ఈ ఇస్త్రీపెట్టె కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. అక్కడ అద్దెకు తీసుకుని ఆడేవాళ్లకు మాత్రం దండగ. నేను తెప్పించుకున్నది యూరప్ నుంచి వచ్చిన మామూలు రకం. కస్టమ్స్ కలుపుకుని 8,000 రూపాయల దాకా పడింది. దాంతోపాటు అన్ని రకాల మంచుకూ వాడే యూనివర్సల్ వ్యాక్స్ దిమ్మె ఒకటి, మైనం గీకే ప్లాస్టిక్ స్క్రేపర్, నైలాన్ బ్రష్ కొన్నాను.

స్కీలు మంచు మీద ఉండేది ఏడాదిలో కొన్ని రోజులే. మిగతా కాలమంతా తిరుపతిలో మా ఇంట్లోనే. వాటికి అసలు గండం ఇక్కడే. మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటితే మేడ మీద గది పొయ్యిలా ఉంటుంది. స్కీ అడుగుభాగం, అంటే బేస్, పాలిథిలిన్ అనే ప్లాస్టిక్. అందులో ఇంకిన మైనం పోయేకొద్దీ అంచుల వెంబడి తెల్లటి చారలు తేలతాయి. అలా ఎండిన బేస్ మంచు మీద సరిగ్గా జారదు. ఎండలు పోయాయనుకునేలోపు అక్టోబరు, నవంబరు వానలు. స్కీ అంచులు ఉక్కువి కాబట్టి తుప్పు పడుతుంది. 2021 నవంబరులో ఊళ్లో వరదలొచ్చినప్పుడు మా ఇంట్లో గోడలు కూడా చెమ్మెక్కాయి. స్కీల పక్కనే పెట్టిన సుత్తీ స్పానర్లూ ఎర్రగా తుప్పెక్కాయి, స్కీల అంచులకు మాత్రం చుక్క తుప్పు లేదు. వాటి మీద మైనం మందంగా ఉండడమే కారణం.

దాచిపెట్టే ముందు చేసే పని పెద్దదేం కాదు. బేస్ తుడిచి, బాగా ఆరబెట్టి, అంచుల మీద రాళ్లు తగిలి లేచిన పొరను సన్న ఆకురాయితో తీసేస్తాను. తర్వాత వ్యాక్స్ దిమ్మెను ఇస్త్రీపెట్టెకు ఆనిస్తే చుక్కలు చుక్కలుగా రాలుతుంది. వాటి మీద పెట్టెను ముందు నుంచి వెనక్కి ఆపకుండా నడపాలి. వేడి సరిగ్గా ఉంటే, పెట్టె పోతుంటే దాని వెనకాల నాలుగైదు అంగుళాల మేర మైనం తడిగా మెరుస్తూ ఉండి, ఆ వెనక మసకబారుతూ గడ్డకడుతుంది. పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైనట్టు. మధ్యమధ్యలో స్కీ పైభాగం మీద చెయ్యి పెట్టి చూస్తాను, గోరువెచ్చగా తగిలితే చాలు. మైనం అంచుల మీదికి కూడా పొర్లాలి. గీకకుండా అలాగే మందంగా వదిలేసి, కింది గదిలో ఎండ తగలని చోట నిలబెడతాను.

ఇంట్లో బట్టల ఇస్త్రీపెట్టె ఉండగా ఇదెందుకని చాలామంది అడుగుతారు. యూనివర్సల్ వ్యాక్స్‌కు 120 డిగ్రీల దగ్గర వేడి కావాలి. బేస్ పాలిథిలిన్ 130 దాటితే తానే కరగడం మొదలుపెడుతుంది. మధ్యలో ఉన్న జాగా అంతే. బట్టల పెట్టె వేడి ఒకసారి బాగా పెరిగి, ఒకసారి పడిపోతుంది. దాని మీద కాటన్, సిల్క్ అని ఉంటుంది తప్ప డిగ్రీలుండవు. ఆవిరి రకమైతే రంధ్రాల్లో మైనం ఇరుక్కుని, మర్నాడు చొక్కా ఖరాబు. వ్యాక్స్ పెట్టె పలక మందం, వేడి నిలకడగా ఉంటుంది. వరండాలో ఈ పని చేస్తుంటే మా వీధి ఇస్త్రీ ఆయన ఆగి, "ఏంది సార్, చెక్కలకి ఇస్త్రీ చేస్తా ఉండారే" అన్నాడు. పలక బరువు చూసి మాత్రం మెచ్చుకున్నాడు.

మళ్లీ మంచు మీదికి దిగే ముందు ఆ మందపాటి మైనాన్ని గీకేయాలి. ఈ గీకడం మాత్రం మన వేడిలో విసుగు పుట్టిస్తుంది. మైనం గట్టిపడక జిడ్డుగా సాగుతుంది. ఏసీ గదిలో చేస్తే, రాలిన పొట్టు బండల మీద పడి కాలు పెట్టినవాళ్లు జారతారు. అమ్మ చేత తిట్లు తినడం ఖాయం. అందుకే ఇప్పుడు ఇంట్లో గీకడం మానేశాను. మైనంతోనే స్కీలను సంచిలో పెట్టి, సంపర్క్ క్రాంతిలో కింది బెర్తు కింద తోసేస్తాను. దారిలో అంచులకు అదే కాపలా. అక్కడ హోటల్ గదిలో పాత పేపర్లు పరిచి గీకితే పొట్టు పొడిగా, తేలిగ్గా వస్తుంది. తర్వాత నైలాన్ బ్రష్‌తో నాలుగు రాపిడులు.

యూనివర్సల్ వ్యాక్స్‌కు నేను ఇచ్చే మార్కులు కొంచెం తక్కువ. జనవరిలో గుల్‌మార్గ్ పొడి మంచు మీద దిగులు లేదు. మార్చిలో ఔలిలో మధ్యాహ్నానికి మంచు నీరుకారినప్పుడు మాత్రం స్కీలు పట్టేసినట్టవుతాయి. దానికి వెచ్చని మంచు రకం చిన్న ముక్క వెంట ఉంచుకుంటే చాలు, మొత్తం సెట్టు అక్కర్లేదు. రంగు చూసి మాత్రం కొనకండి. కంపెనీని బట్టి రంగు అర్థం మారుతుంది: స్విక్స్‌లో ఎరుపు సున్నా డిగ్రీలకు అటూఇటూ ఉండే మంచుకు, టోకోలో ఎరుపు మైనస్ 4 నుంచి మైనస్ 12 దాకా ఉండే చలికి. డబ్బా మీద డిగ్రీలు చదవాలి. చౌకగా దొరికే పాత ఫ్లోరో (ఫ్లోరిన్ రసాయనాలు కలిపిన) రకాల జోలికి పోవద్దు. 2023–24 సీజన్ నుంచి అంతర్జాతీయ పోటీల్లో వాటిని పూర్తిగా నిషేధించారు. వేడి చేస్తే వచ్చే ఆ పొగ ఇంట్లో మంచిది కాదు.

పెట్టెలో లోపాలూ ఉన్నాయి. వైరు పొట్టి, నిలబెట్టడానికి స్టాండ్ లేదు, డయల్ మీద అంకెలు అరిగిపోయి 120 దగ్గర నేనే పెన్నుతో గీత పెట్టుకున్నాను. గుండ్రటి పిన్నుల ప్లగ్గు మన సాకెట్లలో వదులుగా కూర్చుంటుంది, మంచి అడాప్టర్ తీసుకోవాలి. కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టర్ దీన్ని లాగలేదు. అమెరికా నుంచి బావగారు తెస్తానన్నా వద్దనండి, అక్కడివి 110 వోల్టులవి.