సిడ్నీ నుంచి ఆదివారం రాత్రి ఆఖరి ఫ్లైట్: నాలుగేళ్లు వాడాక నా మాట

సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కు ఆదివారం రాత్రి 9 గంటలకు, ఆ తర్వాత బయల్దేరే ఫ్లైట్ టికెట్ నేను ఇక కొనను. మా వీధిలో ఉన్న తెలుగువాళ్లందరికీ ఇదే చెబుతున్నాను. ఎందుకంటే మూడేళ్ల పాటు వాళ్లందరికీ ఆ ఫ్లైటే తీసుకోండని చెప్పింది కూడా నేనే.

మేముండేది మెల్‌బోర్న్ పడమటి వైపు, టార్నీట్‌లో. నాది ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. సెలవులన్నీ ఇండియా ప్రయాణానికే దాచుకోవాలి కాబట్టి ఇక్కడ ఏ ఊరు చూడాలన్నా శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. నాలుగేళ్లలో అలా పదిహేడు సార్లు వెళ్లొచ్చాం. అందులో తొమ్మిది సార్లు సిడ్నీ (ఈమధ్య నేను ఒక్కదాన్నే వెళ్లినవి కాక). మిగతావి బ్రిస్బేన్, అడిలైడ్, హోబార్ట్, ఒక్కసారి గోల్డ్ కోస్ట్. టికెట్ ఎప్పుడు కొంటే చౌక, 7 కిలోల బ్యాగ్‌లో ఏం సర్దాలి అన్నవి అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నదల్లా తిరుగు ఫ్లైట్ టైమ్ గురించి.

ఆ రాత్రి ఫ్లైట్ నాకు ఎందుకంత నచ్చిందో ముందు చెప్పాలి. ఆదివారం సాయంత్రం 5 నుంచి 7 మధ్య సిడ్నీ నుంచి వచ్చే ఫ్లైట్లు ఖరీదు. అందరికీ కావాల్సిన టైమ్ అదే. 9 తర్వాతవి చవగ్గా దొరికేవి. మాకు ఒక్కో టికెట్ మీద 50, 60 డాలర్లు మిగిలిన సందర్భాలున్నాయి. డబ్బు కంటే ముఖ్యంగా, ఆదివారం పూర్తిగా చేతిలో ఉండేది. పొద్దున హోటల్ ఖాళీ చేసి, బ్యాగులు అక్కడే పెట్టి, మాన్లీ బీచ్‌కి ఫెర్రీ ఎక్కి, సాయంత్రం సర్క్యులర్ కీ రేవులో కూర్చుని హార్బర్ బ్రిడ్జి మీద లైట్లు వెలిగేదాకా చూసి, తీరిగ్గా ఎయిర్‌పోర్టుకు వెళ్లేవాళ్లం. ఊరి మధ్య సెంట్రల్ స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్టులోని డొమెస్టిక్ స్టేషన్‌కు రైల్లో పది, పన్నెండు నిమిషాలు. (మామూలు ఛార్జీ మీద అక్కడ స్టేషన్ ఫీజు అదనంగా పడుతుంది. ఒక్కరే వెళ్తుంటే ఒక స్టేషన్ ముందే మాస్కట్‌లో దిగి 420 నంబరు బస్సు ఎక్కితే ఆ ఫీజు ఉండదు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఆ శ్రమ వద్దు.) ఫ్లైట్ గంటన్నర లోపే. పదకొండున్నరకల్లా ఇంట్లో పడుకునేవాళ్లం, సోమవారం పొద్దున 7 గంటల షిఫ్ట్‌కు నేను వెళ్లిపోయేదాన్ని. ఎనిమిది సార్లు ఇదే పద్ధతి, ఎనిమిది సార్లూ ఇబ్బంది లేదు. అరగంటో, ముప్పావుగంటో ఆలస్యమైనా దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మధ్యలో బ్రిస్బేన్ ట్రిప్పు ఒకటి నా నమ్మకాన్ని ఇంకా పెంచింది. అక్కడి నుంచి ఆదివారం రాత్రి వచ్చే ఫ్లైట్ రెండు గంటలు ఆలస్యమైంది. పైగా ఎండాకాలంలో మేం గడియారం గంట ముందుకు జరుపుతాం, బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ వాళ్లు జరపరు కాబట్టి మెల్‌బోర్న్‌కు వచ్చేసరికి ఒక గంట ఎలాగూ పోతుంది. రాత్రి ఒంటిగంట దాటాక దిగాం. అలసిపోయాం గానీ ఇల్లు చేరాం. అప్పటి నుంచి నా మనసులో గట్టిగా నాటుకుంది: రాత్రి ఫ్లైట్ ఆలస్యమైతే అవుతుంది, రావడం మాత్రం వస్తుంది. బ్రిస్బేన్‌కూ మెల్‌బోర్న్‌కూ రాత్రి కర్ఫ్యూ, అంటే రాత్రిపూట విమానాల మీద నిషేధం, లేదు కాబట్టే వచ్చిందని నాకు అప్పుడు తెలియదు.

సిడ్నీ సంగతి వేరు. రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు అక్కడ ప్రయాణికుల విమానాలు ఎగరకూడదు, దిగకూడదు. దానికి 1995లో చేసిన చట్టమే ఉంది. అంతకు ముందు సంవత్సరం మూడో రన్‌వే తెరిచినప్పుడు చుట్టుపక్కల కాలనీల వాళ్లు చప్పుడు భరించలేక పెద్ద ఎత్తున ఆందోళన చేశారు. ఎయిర్‌పోర్టు ఊరి మధ్యలోనే ఉన్నట్టు ఉంటుంది, ఇళ్ల మీదుగానే విమానాలు వెళ్తాయి. వాళ్ల నిద్ర వాళ్లకు కావాలి, నేను దాన్ని తప్పుపట్టను. అడిలైడ్‌కూ గోల్డ్ కోస్ట్‌కూ ఇవే వేళలు. తెలుసుకోకపోవడం నా లోపమే. కానీ ఆ టికెట్ అమ్మిన కంపెనీకి ఇది తెలుసు కదా? 9 గంటల ఫ్లైట్‌కు రెండు గంటల ఆలస్యం తట్టుకునే చోటు లేదని టికెట్ కొనేటప్పుడు ఒక్క వాక్యం రాసి ఉంటే చాలు, మా అమ్మను నేను ఆ ఫ్లైట్‌కు తీసుకెళ్లేదాన్నే కాదు.

అసలు సంగతి ఇదీ. పోయిన ఏడాది అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. వయసు 68, మోకాళ్ల నొప్పులు, బీపీ. మా ఆయనకు ఆ వారం పని పడి రాలేకపోయారు. నేను, అమ్మ, మా ఎనిమిదేళ్ల పాప, ముగ్గురమే సిడ్నీ వెళ్లాం. శనివారం ఒపెరా హౌస్, ఫెర్రీ. ఆదివారం కారు అద్దెకు తీసుకుని హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడికి వెళ్లాం. 1985లో కుంభాభిషేకం జరిగిన గుడి, చుట్టూ అడవి. అమ్మ ప్రాకారంలో నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంత దూరంలో ఉన్నాడే స్వామి" అంది. క్యాంటీన్‌లో పులిహోర, దోసె తిన్నాం. నా ట్రిప్పులన్నింటిలో ఇదే బాగుంది అనుకుంటూ సాయంత్రం 5 దాటాక కారు తిరిగిచ్చేశాం. అప్పటికి పడమర దిక్కున ఆకాశం నల్లగా కమ్ముకుని ఉంది.

ఎండాకాలం సాయంత్రాల్లో సిడ్నీకి ఉరుముల వాన మామూలే. దగ్గర్లో పిడుగులు పడుతుంటే కింద పనిచేసేవాళ్లను విమానాలు నిలిపే చోటు నుంచి లోపలికి పంపేస్తారు. బ్యాగులు ఎక్కించేవాళ్లు, ఇంధనం పోసేవాళ్లు ఉండరు, అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. వాన తగ్గాక కూడా అన్ని విమానాలూ ఒక్కసారి బయల్దేరలేవు, ఆ ఎయిర్‌పోర్టులో మామూలుగా గంటకు 80కి మించి ఎగరడం, దిగడం కుదరదు. సాయంత్రం 6 ఫ్లైట్ 8కి పోయింది. 7 ఫ్లైట్ తొమ్మిదింపావుకు. మా 9 గంటల ఫ్లైట్ బోర్డు మీద 9:35 అయింది, తర్వాత 10:05, తర్వాత 10:25. ప్రతిసారీ "ఇంకాసేపట్లో బోర్డింగ్" అనే మాట. నేను గేట్ దగ్గరికి రెండుసార్లు వెళ్లి అడిగాను. కర్ఫ్యూ అనే పదం ఒక్కరూ ఎత్తలేదు. తొమ్మిదిన్నరకే ఎవరైనా చెప్పి ఉంటే బయటికొచ్చి గది వెతుక్కునేదాన్ని. నా కోపమంతా ఆ గంట గురించే.

10:30కి ఎక్కించారు. అమ్మ కిటికీ పక్కన కూర్చుని బెల్టు పెట్టుకుంది, పాప నిద్రపోయింది. ఇక వెళ్తామనే ధైర్యంతో మా ఆయనకు మెసేజ్ పెట్టాను. 10:52కి కెప్టెన్ మైకులో చెప్పారు: టైమ్ సరిపోదు, ఈ రాత్రికి బయల్దేరలేము, అందరూ దిగాలి.

తర్వాతి గంటన్నర నేను మరిచిపోలేను. అమ్మ బీపీ మాత్రలు చెకిన్ చేసిన సూట్‌కేసులో ఉన్నాయి. బ్యాగులు వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. నిద్ర లేచిన పాప ఏడుపు. కూర్చోడానికి చోటు లేక అమ్మ ట్రాలీ పట్టుకుని నిలబడింది. ఈ కుర్చీల్లోనే తెల్లారేదాకా కూర్చుందాం అంది. అదీ కుదరలేదు, డొమెస్టిక్ టెర్మినల్ రాత్రిపూట మూసేస్తారు. సెక్యూరిటీ అబ్బాయి మర్యాదగానే చెప్పాడు, అయినా బయటికి పొమ్మనడం పొమ్మనడమే. మాలాగే ఇంకొన్ని ఫ్లైట్ల వాళ్లు కూడా ఆగిపోయారు కాబట్టి చుట్టుపక్కల హోటళ్లు నిండిపోయాయి. ఫోన్‌లో కనబడిన ఒక్క గది 400 డాలర్ల పైన. వాతావరణం వల్ల ఆగిన ఫ్లైట్‌కు హోటల్ ఖర్చు ఇవ్వలేమని కౌంటర్‌లో చెప్పారు. యూరప్‌లోలాగా ఇన్ని గంటల ఆలస్యానికి ఇంత పరిహారం అనే నియమం ఇక్కడ లేదు. కొత్త ఫ్లైట్ మెసేజ్ మాత్రం వెంటనే వచ్చింది. సోమవారం సాయంత్రం 4:10కి.

అప్పుడు తూంగాబీలో ఉండే మా బావగారికి ఫోన్ చేశాను. మా ఆయనకు పెద్దమ్మ కొడుకు. పెళ్లిళ్లలో తప్ప పెద్దగా మాట్లాడుకున్నది లేదు, ఊళ్లోకి వచ్చి కూడా ఇంటికి రాలేదని అనుకుంటారేమో అని భయం. రాత్రి పదకొండున్నర దాటింది. "బావగారూ, ఎయిర్‌పోర్టులో ఉన్నాం, ఫ్లైట్ పోయింది, అమ్మ ఉంది" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. "అక్కడే లైట్లున్న చోట నిలబడమ్మా, వస్తున్నాను" అన్నారు. వానలో నలభై నిమిషాలు నడుపుకుంటూ వచ్చారు. ఇంటికి వెళ్లేసరికి అక్క ఆ వేళప్పుడు అన్నం వండి, చారు పెట్టి ఉంచింది. అమ్మ మాత్ర వేసుకుని పడుకునేటప్పటికి ఒకటిన్నర.

సోమవారం నా షిఫ్ట్ పోయింది, పాపకు స్కూల్ పోయింది. అవి పెద్ద విషయాలు కావు. అమ్మ మాత్రం ఆ తర్వాత ఇక్కడ ఉన్న మూడు నెలల్లో ఏ ఊరికీ విమానంలో రానంది. హోబార్ట్‌లో శనివారం సలమాంకా సంత చూపిద్దామని అనుకున్నాను. అదీ పోయింది.

ఇప్పుడు నేనేం చేస్తున్నానో చెబుతాను. పిల్లతో, పెద్దవాళ్లతో అయితే సిడ్నీ నుంచి ఆదివారం మధ్యాహ్నం 3, 4 గంటల ఫ్లైట్ కొంటాను. అది ఆగిపోయినా వెనక ఇంకా నాలుగైదు ఫ్లైట్లు ఉంటాయి. ఆదివారంలో సగం పోతుంది, నాకు ఇంకా బాధగానే ఉంది, ఆ సాయంత్రాలు అంత బాగుండేవి. ఒక్కదాన్నే వెళ్తే మాత్రం సోమవారం ఉదయం 6 గంటల ఫ్లైట్. ఇది నేను అనుకోకుండా కనుక్కున్న మంచి దారి. కర్ఫ్యూ వల్ల ఆ విమానాలు రాత్రంతా అక్కడే నిలబడి ఉంటాయి కాబట్టి ఇంకెక్కడి నుంచో రావాల్సిన పని లేదు. మూడుసార్లు వాడాను, మూడుసార్లూ టైమ్‌కు బయల్దేరింది. ఏడున్నర దాటాక మెల్‌బోర్న్ టల్లమరీన్ ఎయిర్‌పోర్టులో దిగి నేరుగా ఆసుపత్రికి పోవచ్చు. అయితే 7 గంటల షిఫ్ట్ అందదు కాబట్టి నేను ఆ సోమవారాలు మధ్యాహ్నం షిఫ్ట్‌కు మార్చుకున్నాను, అందరి ఉద్యోగాల్లో అది కుదరదు. ఒక రాత్రి హోటల్ ఖర్చు అదనం. చలికాలంలో పొద్దున పొగమంచు పడితే ఈ ఫ్లైట్ కూడా ఆగుతుంది. మూడుసార్లు సరిపోయిందని గట్టిగా చెప్పలేను, ఎనిమిది సార్లు సరిపోయిన దాని గురించి కూడా అలాగే చెప్పాను కదా.

శుక్రవారం రాత్రి సిడ్నీకి వెళ్లేటప్పుడు కూడా ఆ 11 గంటల చిక్కు ఉంటుంది, అక్కడ దిగాల్సింది 11 లోపే. కానీ అది పోతే మనం మన ఊళ్లోనే ఉంటాం, ఇంటికెళ్లి పడుకుని పొద్దున వెళ్లొచ్చు. ఆ రిస్క్ నేను ఇంకా తీసుకుంటున్నాను. బ్రిస్బేన్ నుంచి రాత్రి ఫ్లైట్ కూడా కొంటున్నాను. అడిలైడ్ నుంచి మాత్రం సాయంత్రం 6 లోపు.

వయసులో ఉన్నవాళ్లు, బ్యాగొకటి భుజాన వేసుకుని తిరిగేవాళ్లు, సిడ్నీలో ఫ్రెండ్స్ రూమ్ ఉన్నవాళ్లు ఆ 9 గంటల ఫ్లైట్ కొంటే తప్పేం లేదు. ఇక్కడి చలికాలంలో ఉరుముల వానలు తక్కువ కాబట్టి జూన్, జులైలో అది ఇంకా మంచి బేరమే. పడమటి సిడ్నీలో బాడ్జరీస్ క్రీక్ దగ్గరి కొత్త ఎయిర్‌పోర్టుకు కర్ఫ్యూ లేదు. అక్కడి నుంచి ఆదివారం రాత్రి మెల్‌బోర్న్‌కు ఫ్లైట్ దొరికితే నేను మళ్లీ ఆలోచిస్తాను. ఎవరు కొన్నా మందులు మాత్రం చేతి బ్యాగ్‌లోనే పెట్టుకోండి.

అమ్మ వచ్చే డిసెంబరులో మళ్లీ వస్తోంది. మొన్న ఫోన్‌లో తనే అడిగింది, ఆ గుడికి ఇంకోసారి తీసుకెళ్తావా అని. టికెట్లు కొనేశాను. ఈసారి గుడి శనివారం పొద్దున్నే, ఆ రాత్రి పడక బావగారింట్లో, ఆదివారం 3:30కి ఫ్లైట్. అక్కకు ముందే చెప్పాను. గోంగూర పచ్చడి తెమ్మంది.