సీల్ తీయని కిట్ అని కొన్నాను. ఆకుపచ్చ మ్యాట్ ఆయనతో జాగ్రత్త!

ముందే చెప్తున్నా, ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను. పార్సెల్ వచ్చి ఆరు రోజులైంది, ఆయన చివరి మెసేజ్ వచ్చి మూడు గంటలు కూడా కాలేదు. అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

పేరు రాయను. పాత కార్ల ప్లాస్టిక్ కిట్లు, అంటే విడి ముక్కలు అతికించి చేసుకునే చిన్న మోడల్ కార్లు, వెతికేవాళ్లకి పేరు అక్కర్లేదు కూడా. ప్రతి ఫోటోలో బాక్సు కింద ఆకుపచ్చ కటింగ్ మ్యాట్, దాని కుడి మూల గ్లూ ఒలికి ఎండిపోయిన మరక, ప్రతి లిస్టింగ్ చివరా "మళ్లీ దొరకదు" అనే బెదిరింపు. ఆయనే. మీలో చాలామంది ఆయన దగ్గర కొనే ఉంటారు. నేనూ ఇంతకుముందు రెండు కొన్నాను, రెండూ బాగానే వచ్చాయి. అదే నా కొంప ముంచింది.

ఈసారి కొన్నది జో-హాన్ అనే పాత కిట్ల కంపెనీ వాళ్ల క్రైస్లర్ టర్బైన్, 1/25, అంటే అసలు కారులో ఇరవై అయిదో వంతు. తెలిసినవాళ్లకి ఈ ఒక్క ముక్క చాలు, నేనెందుకు గుడ్డిగా పడిపోయానో అర్థమైపోతుంది. తెలియనివాళ్ల కోసం: పిస్టన్ల ఇంజన్ బదులు గ్యాస్ టర్బైన్‌తో, అంటే వేడి వాయువుల తోపుకి రెక్కలు తిరిగే ఇంజన్‌తో నడిచే కార్లు క్రైస్లర్ 1963, 64ల్లో మొత్తం 55 చేసింది. బాడీలు ఇటలీలో గియా వాళ్లు తయారుచేశారు. అందులో 50 కార్లను మామూలు జనానికిచ్చి మూడేసి నెలలు నడిపి చూడమన్నారు. ప్రయోగం అయిపోయాక చాలావాటిని తుక్కు చేసేశారు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద మిగిలినవి తొమ్మిది. అసలు కారు కొనడం కాదు, చూడటమే కష్టం. ఉన్న దారల్లా కిట్టే.

మరి కొత్తగా ఎవరైనా చేయొచ్చుగా అంటారా? కంపెనీల లెక్క మనకి తెలిసిందేగా. ఒక కారు కిట్ తేవాలంటే స్టీలు మోల్డులు చెక్కించడానికే అసలు డబ్బు పోతుంది, ఆ తర్వాత ప్లాస్టిక్ పోసి తీయడం ఎంత పని. అంత పెట్టాక అమ్ముడుపోతుందని గ్యారంటీ ఉన్న కారే చేస్తారు. అంటే మస్టాంగ్, కమారో, 57 షెవీ. జపాన్ వైపు తిరిగితే స్కైలైన్ జీటీ-ఆర్. పాత మోల్డు ఉంటే ఇంకా హాయి, బాక్సు బొమ్మ మార్చి, నాలుగు డెకాల్స్ (కారు మీద అతికించే బొమ్మలు) కలిపి మళ్లీ వదులుతారు, రీఇష్యూ అంటే అదే. నాలుగు తలుపుల సంసారపక్షం కారు ఒకటి చేయండ్రా బాబూ అని ఎన్నాళ్లు మొత్తుకున్నా వినే నాథుడు లేడు. వాళ్లని తప్పు పట్టలేం కూడా. నేను మొత్తుకుంటాను సరే, అలాంటి కిట్ వస్తే నాలా కొనేది ఎంతమంది?

ఇంకో దరిద్రం ఏమిటంటే, 1958 నుంచి ఏఎంటీ లాంటి కంపెనీలు ఏటా కొత్త కార్లు వచ్చినప్పుడల్లా వాటి కిట్లు వదిలేవి. మరుసటి ఏడు కారు రూపం మారితే ఆ మోల్డునే చెక్కి మార్చుకునేవారు. కొన్నిటినైతే రేసు కార్లుగా మార్చేశారు. ఒకసారి చెక్కేశాక పాత రూపం రమ్మన్నా రాదు, మళ్లీ కొత్త మోల్డు చేయించాల్సిందే. ఇప్పుడు ఏఎంటీ, అలాంటిదే ఇంకో కంపెనీ ఎంపీసీ, ఈ పేర్లు రౌండ్ 2 అనే కంపెనీ చేతిలో ఉన్నాయి కాబట్టి కనీసం వాటి పాత బాక్సు బొమ్మలతో రీఇష్యూలు వస్తున్నాయి. జో-హాన్‌కి ఆ భాగ్యం లేదు, కంపెనీయే లేదు. అందుకే ఆకుపచ్చ మ్యాట్ల ముందు మనం చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తోంది.

సరే, జరిగింది చెప్తాను. లిస్టింగ్‌లో "సీల్ తీయలేదు, పార్టులన్నీ ఉన్నాయి" అని ఉంది. సీల్ తీయకుండా అన్నీ ఉన్నాయని ఆయనకెలా తెలిసింది? ఈ ప్రశ్న నాకు ఇప్పుడు తడుతోంది. అప్పుడు తట్టలేదు. "అన్నా, మీరు అడిగారు కాబట్టి పక్కన పెట్టాను, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు" అన్నాడు. అన్నా అంట! డబ్బు సైటు బయట నేరుగా పంపిస్తే కమిషన్ మిగులుతుంది, కొంచెం తగ్గిస్తానన్నాడు. పంపించేశాను. అవును, తెలుసు. తిట్టకండి, నన్ను నేను తిట్టుకోవడం ఇంకా అయిపోలేదు.

పార్సెల్ వచ్చింది. కవర్ అద్దంలా మెరుస్తోంది. అరవై ఏళ్ల నాటి బాక్సు మీద నిన్న చుట్టినట్టున్న ప్లాస్టిక్. దాని కింద బాక్సు ఒక మూల నలిగిపోయి అట్ట తెల్లగా లేచి ఉంది, పైన కవర్ మాత్రం చెక్కు చెదరలేదు. కవర్‌కి గీత కూడా పడకుండా లోపల అట్ట ఎలా నలుగుతుంది? ముందు నలిగింది, తర్వాత కవర్ వేశారు. చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. నేను మాత్రం "అబ్బ, ఎంత జాగ్రత్తగా దాచాడో" అనుకున్నాను.

నేను కిట్లు అటక మీద దాచుకునే రకం కాదు, బిల్డ్ చేసే రకం. ఆ 50 కార్లకీ ఒకటే రంగు, టర్బైన్ బ్రాంజ్. దానికి దగ్గరగా వచ్చేదాకా రెండు వారాల నుంచి రంగులు కలిపి ప్లాస్టిక్ స్పూన్ల మీద కొట్టి చూసుకుంటున్నాను. పదకొండు స్పూన్లు వరసగా ఆరబెట్టి పెట్టుకున్నాను. కవర్ కోసి మూత తీశాను.

బాడీ ఉంది. ఛాసిస్ ఉంది. ఇన్‌స్ట్రక్షన్ షీట్ ఉంది. టైర్లు మూడున్నాయి. మూడు చక్రాల టర్బైన్, క్రైస్లర్ ఇంజనీర్లకి కూడా తట్టని ఐడియా. క్రోమ్ పార్టుల ఫ్రేమ్, అంటే బంపర్లలాంటి వెండిలా మెరిసే ముక్కలన్నీ అంటుకుని వచ్చే చట్రం, అసలు లేనే లేదు. మిగతా ఏ కారుకైనా క్రోమ్ పోతే బాధపడి, వేరే కిట్ నుంచి బంపర్ తెచ్చి ఎలాగో నెట్టుకొస్తాం. ఈ కారుకి ముందు లైట్ల చుట్టూ, వెనక లైట్ల దగ్గరా టర్బైన్ రెక్కల్లా ఉండే ఆ మెరుపే ముఖం. అది లేకపోతే ఏ కారో కూడా చెప్పలేం. పెట్టె అడుగున మాత్రం బియ్యపు గింజంత క్రోమ్ ముక్క ఒకటి దొరికింది. ఫ్రేమ్ మూల నుంచి విరిగి పడింది.

మెసేజ్ పెట్టాను, మర్యాదగానే. ఒక రోజంతా జవాబు లేదు. తర్వాత వచ్చింది: "సీల్ చింపింది మీరు. లోపల ఏముందో నాకెలా తెలుస్తుంది?" అన్న పోయాడు, మీరు మిగిలారు. కవర్ కొత్తదని, మూల నలిగిందని ఫోటోలు పంపించాను. "ఈ వయసులో బొమ్మ కారు కోసం ఇంత ఏడుపేంటండీ" అన్నాడు. బొమ్మ కారే అయితే "అరుదైన కలెక్టర్ పీస్" అని లిస్టింగ్ పెట్టిందెవరు? అమ్మేటప్పుడు అపురూపం, అడిగితే ఆటబొమ్మ.

ఇక్కడితో ఆగినా ఇంత రాసేవాణ్ణి కాదు. పోయింది, బుద్ధొచ్చింది అనుకుని ఊరుకునేవాణ్ణి. క్రోమ్ ఎక్కడైనా విడిగా దొరుకుతుందేమోనని నిన్న రాత్రి వెతుకుతుంటే ఒక లిస్టింగ్ కనిపించింది. "క్రైస్లర్ టర్బైన్ క్రోమ్ సెట్, పూర్తిగా ఉంది, బోనస్‌గా ఒక టైరు." ఒక టైరు! ఫోటోలో ఆకుపచ్చ మ్యాట్. కుడి మూల గ్లూ మరక. ఫోటో పెద్దది చేసి చూశాను. ఫ్రేమ్ ఒక మూల విరిగి ఉంది. నా పెట్టె అడుగున దొరికిన ముక్కని స్క్రీన్ పక్కన పెట్టి చూస్తే విరిగిన అంచు అచ్చు గుద్దినట్టు సరిపోతోంది. రాత్రి రెండింటికి ట్వీజర్‌తో బియ్యపు గింజంత ప్లాస్టిక్ పట్టుకుని ఫోన్ ముందు కూర్చున్నాను. మా ఇంట్లోవాళ్లు లేచి చూసి, ఏమీ అడక్కుండా వెళ్లి పడుకున్నారు.

స్క్రీన్‌షాట్, ముక్క ఫోటో రెండూ పంపించాను. ఆయన సిగ్గుపడతాడని, కనీసం లిస్టింగ్ తీసేస్తాడని అనుకున్నాను. వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అది వేరే కిట్‌ది. కావాలంటే చెప్పండి, పాత కస్టమర్ కదా, తగ్గించి ఇస్తాను."

నా పెట్టెలోంచి తీసింది నాకే అమ్ముతాడట. తగ్గించి! దొంగ ఇంట్లో పడి పోపుల డబ్బా ఎత్తుకుపోయి, పొద్దున్నే గుమ్మం ముందు నిలబడి ఆవాలు కావాలా అమ్మా అన్నట్టుంది. అబద్ధం చెప్పడానికి కూడా కష్టపడలేదు చూడండి, అది నన్ను ఎక్కువ కాలుస్తోంది. కనీసం మ్యాట్ మార్చి ఫోటో తీయొచ్చుగా? నేనేమీ చేయలేనని ఆయనకి అంత ధీమా. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం "ఎంతకిస్తావు" అని టైప్ చేశాను కూడా. చెరిపేశాను. ఆ ఒక్క క్షణానికి నామీద నాకే అసహ్యం వేసింది.

సైటు వాళ్లకి ఫిర్యాదు పెట్టాను. డబ్బు బయట పంపారు కాబట్టి మేమేమీ చేయలేం అన్నారు. అనక ఏమంటారు?

జాగ్రత్తలంటే నేనేం చెప్తాను, పాటించినవాణ్ణైతే చెప్పొచ్చు. డబ్బు సైటు బయట పంపకండి. సీల్ అనే మాటకి విలువ లేదు, కవర్ వేసే మిషన్ ఎవరైనా కొనుక్కోవచ్చు. సీల్ తీసినా పరవాలేదు, పార్టులన్నీ పరిచి ఫోటో పెట్టమనండి. ఛాసిస్ కింద అచ్చయిన సంవత్సరం చూసి తొలి ఇష్యూ అని మురిసిపోకండి, అది మోల్డులో ఉండేది, రీఇష్యూలోనూ అలాగే వస్తుంది. బాక్సు మీద బార్‌కోడ్ ఉండి అరవైల నాటి బాక్సు అంటే నవ్వేసి బయటికి రండి, దుకాణాల్లో ఆ కోడ్ స్కాన్ చేయడం మొదలైందే 1974లో. పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. నేను తీయలేదు, స్పూన్ల ఫోటోలు తీసుకుంటూ కూర్చున్నాను.

ఇది రాస్తూ మధ్యలో ఇంకోసారి చూశాను. ఆ క్రోమ్ లిస్టింగ్ మీద "అమ్ముడైంది" అని పడింది. కొన్నవాళ్లు ఎవరో మీలోనే ఉండొచ్చు. మీ తప్పేం లేదు. ఫ్రేమ్ విరిగిన మూల ముక్క మాత్రం నా దగ్గరుంది, చిన్న డబ్బాలో వేసి పెట్టాను.