నాలుగేళ్లుగా మా తరగతిలో సముద్రం టబ్బు: ఏం నిలిచింది, ఏం పక్కన పెట్టాను

విశాఖలో సముద్రానికి కిలోమీటరు కూడా లేని బడిలో ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెబుతాను. గాలి ఇటు తిరిగితే తరగతిలోకి ఎండుచేపల వాసన వస్తుంది. అయినా 2021లో బడులు మళ్లీ తెరిచాక, సముద్రంలో ఉండేవి బొమ్మ గీయమంటే సగం మంది డాల్ఫిన్‌నో జలకన్యనో గీశారు. తాబేలు గీసినవాళ్లు ఇద్దరే. ఆ ఏడు నుంచీ సముద్రజీవుల పాఠం పుస్తకం మూసి, చేతులతోనే చేయిస్తున్నాను. నాలుగు విద్యాసంవత్సరాలు, ఏడాదికి 35 మందికి తగ్గకుండా పిల్లలు. చిన్నపిల్లలతో ఇలాంటివి మొదలుపెట్టాలనుకునే టీచర్లకు పనికొస్తుందని నా అనుభవం రాస్తున్నాను.

ముందుగా కొన్న వస్తువు సంగతి. ఆన్‌లైన్‌లో సముద్రజీవుల ప్లాస్టిక్ బొమ్మల సెట్ తెప్పించాను, డబ్బాలో పన్నెండు. మూడు నెలలకే రంగు ఊడిపోయింది. అది సర్దుకోవచ్చు. అసలు తప్పు తాబేలు బొమ్మలో ఉంది. తెడ్లలాంటి ఈతకాళ్లు ఉండాల్సిన చోట గోళ్ల పాదాలున్నాయి. నాకు తట్టలేదు. జాలరిపేట నుంచి వచ్చే ఒక బాబు చేతిలోకి తీసుకోగానే, "టీచర్, ఇది చెరువు తాంబేలు, మన తాంబేలు కాదు" అన్నాడు. ఆ సెట్ మళ్లీ కొనలేదు. మరుసటి ఏడు ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్క రంగులతో చేసే ఒక కళాకారుడిని అడిగి, ఈతకాళ్లున్న తాబేళ్లు ఆరు చేయించుకున్నాను. పిల్లల చేతిలో బరువుగా, నున్నగా ఉంటాయి. నోట్లో పెట్టుకుంటారేమో అన్న బెంగ తగ్గింది. కాకపోతే నీళ్లలో నానితే కర్ర ఉబ్బి మెరుపు పోతుంది. అవి ఇసుక టబ్బుకే. నీళ్ల టబ్బులో వేయనివ్వను.

అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచింది గుడ్ల గూడు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా మా తీరానికి రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయి. గూటికి నూరు పైచిలుకు గుడ్లు, ఒక్కోటి టేబుల్ టెన్నిస్ బంతి అంత. మొదటి ఏడు నిజంగానే ఆ బంతులు కొందామనుకుని, మళ్లీ ప్లాస్టికేనా అని ఆగిపోయాను. పాత పేపర్లు నానబెట్టి రుబ్బి, కాస్త మైదా గంజి కలిపి పిల్లలే ఉండలు చుట్టారు. డాబా మీద ఎండటానికి వారం పట్టింది. లెక్కపెడుతూ 110 చేశారు. నూరు దాటి లెక్కపెట్టడం మా ఒకటో తరగతి పిల్లలకు వచ్చింది ఆ ఉండల వల్లే. లెక్కల పుస్తకంలో ఆ పేజీ దగ్గర నేను పెద్దగా కష్టపడలేదు.

గూడు తవ్వడం కూడా తాబేలు తవ్వినట్టే తవ్వాలి. తల్లి తాబేలు వెనక కాళ్లతో, అసలు చూడకుండా, మోచేతి లోతు గొయ్యి తీస్తుంది. పిల్లలు టబ్బు వైపు వీపు పెట్టి కూర్చుని, చేయి వెనక్కి చాపి చెక్క గరిటెతో తవ్వుతారు. రెండు నిమిషాల్లో చేతులు నొప్పి పుడతాయి, గొయ్యి పక్కలు కూలిపోతాయి. తడి ఇసుకైతే నిలుస్తుందని వాళ్లే కనిపెడతారు. ఆ రోజు తర్వాత తాబేలు గూడు పాడుచేయకూడదని నేను చెప్పక్కర్లేదు. అందులో ఎంత పని ఉందో వాళ్ల భుజాలకు తెలుసు.

సంక్రాంతి సెలవులయ్యాక గుడ్లు పాతిపెడతాం. పొదగడానికి సుమారు 45 నుంచి 60 రోజులు పడుతుంది కాబట్టి మేం 50 అనుకుంటాం. రోజూ ఒకరు సీసాలో ఒక చింతగింజ వేస్తారు. ఆదివారం గింజలు సోమవారం కలిపి వేయడం మర్చిపోతే గొడవ. ఆరేళ్ల పిల్లలు 50 రోజులు ఒకదాని కోసం ఎదురుచూస్తారని ముందు నేనే నమ్మలేదు. ఈ మధ్యలోనే ఇసుక వేడి సంగతి వస్తుంది. ఇసుక వేడి 30 డిగ్రీలు దాటితే ఎక్కువగా ఆడపిల్లలు, బాగా తగ్గితే ఎక్కువగా మగపిల్లలు పుడతారని చెబితే ఆ పూట ఇంక వేరే పాఠం సాగదు. ఎండలో ఒక పళ్లెం, నీడలో ఒక పళ్లెం ఇసుక పెట్టి అరచేత్తో ముట్టుకుని చూస్తారు. థర్మామీటరు తెచ్చాను గానీ ఆ వయసుకి గీతలు చదవడం రాదు. చెయ్యే చాలు.

గుడ్లలోంచి తాబేలు పిల్లలు బయటికొచ్చే రోజు కిటికీలకు నల్ల గుడ్డ కడతాం. గదికి ఒక చివర నీలం దుప్పటి పరిచి దాని వెనక సన్నటి టార్చి పెడతాం, అది సముద్రం మీది ఆకాశపు వెలుతురు. మా పిల్లలే తాబేలు పిల్లలై పొట్ట మీద పాకుతూ వెలుతురు వైపు వెళ్తారు. రెండోసారి రెండో చివర పెద్ద బల్బు వేస్తాను. సగం మంది అటు తిరిగిపోతారు. బీచ్ రోడ్డు దీపాలు నిజం తాబేలు పిల్లల్ని చేసేది ఇదే. ఒక పాప ఇంటికెళ్లి డాబా మీద సముద్రం వైపున్న దీపం రాత్రంతా ఎందుకు వేస్తున్నారని తాతయ్యను నిలదీసిందట. వాళ్లమ్మ ఫోన్ చేసి, ఇంట్లో ఆ దీపం ఇప్పుడు తొమ్మిదింటికి ఆర్పేస్తున్నామని చెప్పారు. నేను ఇంటిపని ఏమీ ఇవ్వలేదు.

వల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మొదటి రెండేళ్లు దాన్ని తప్పుగా చెప్పాను. చిటికెన వేలి నుంచి వెనక వైపుగా బొటనవేలికి రబ్బరు బ్యాండు తగిలించి, రెండో చేయి వాడకుండా విడిపించుకోమనే ఆట చాలామందికి తెలుసు. వలలో చిక్కుకోవడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. మంచి ఆటే, ఖర్చు లేనిదే. వల గీరుకుని గాయాలై చచ్చిపోతాయని నేను దానికి ముగింపు చెప్పేదాన్ని. మూడో ఏడు ఒక పిల్లాడి తాతగారిని తరగతికి పిలిచాను. నలభై ఏళ్లు మరబోటు మీద వేటకెళ్లిన మనిషి. పాత నైలాను వల ముక్క భుజాన వేసుకుని వచ్చారు. నా పాఠం విని, "గాయం కాదు టీచరమ్మా. తాంబేలుకి మనలాగే ఊపిరి కావాల. వల నీటిలోన గంటలు గంటలు ఈడుస్తాం కదా, అది పైకి రాలేదు" అన్నారు. తర్వాత పిల్లలందరినీ ఊపిరి బిగబట్టమన్నారు. ముప్పై లెక్కపెట్టేలోపే అందరూ వదిలేశారు. గది నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ తర్వాత మేం కలిసి తయారుచేసిందే ఇప్పుడు నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా విలువైన బోధనోపకరణం. రొయ్యల వలలకు తాబేళ్లు తప్పించుకునే పరికరం ఒకటుంటుంది. వల గొంతులో ఏటవాలుగా ఇనుప కమ్మీల జాలీ, దాని పక్కనే వలలో ఒక తలుపు. రొయ్యలు కమ్మీల మధ్య నుంచి వెనక్కి వెళ్తాయి, తాబేలు కమ్మీలకు తగిలి తలుపులోంచి జారిపోతుంది. మేం ఉల్లిపాయల వల సంచి తీసుకుని, ఐస్‌క్రీమ్ పుల్లలు ఏటవాలుగా కట్టి, పక్కన కోసి తలుపు పెట్టాం. సెనగలు రొయ్యలు. ఏటికొప్పాక తాబేలు తాబేలే. పుల్లల మధ్య ఖాళీ మరీ ఎక్కువైతే తాబేలు ఇరుక్కుంటుంది, తక్కువైతే సెనగలు ఆగిపోతాయి. పిల్లలు మూడు రోజులు పుల్లలు కడుతూ విప్పుతూ గడిపారు. ఎనిమిదేళ్లు నిండని పిల్లలు ఇంత ఓపికగా ఒక యంత్రాన్ని సరిచేయడం వేరే ఏ పాఠంలోనూ చూడలేదు. తాతగారు ఒక మాట దాచకుండా చెప్పారు. ఆ తలుపులోంచి కొంత వేట కూడా పోతుంది, అందుకే బోటువాళ్లకి ఇష్టం ఉండదు అని. అదీ పిల్లలకు చెప్పాను. సెనగలు లెక్కపెట్టి, ఎన్ని పోయాయో చూసుకున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ రెండు నెలలు నాన్నలు ఇంట్లో ఖాళీగా కూర్చునే పిల్లలు నా తరగతిలో ఏటా ఏడెనిమిది మంది ఉంటారు. తాబేలుని కాపాడాలి అని వాళ్ల ముందు చెప్పేటప్పుడు, వాళ్ల నాన్నని దొంగని చేసే మాట ఒక్కటి కూడా నా నోట రాకూడదు. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను.

చమురు తెట్టు ప్రయోగం గురించి. పళ్లెంలో నీళ్లు, పైన బొగ్గుపొడి కలిపిన వంటనూనె, అందులో శుభ్రంగా కడిగి ఆరబెట్టిన కోడి ఈకలు. దూది, కొబ్బరిపీచు, పేపరు, స్పాంజి ఇచ్చి నూనె తియ్యమంటాను. పీచు బాగా పీలుస్తుంది, దూది నీళ్లను కూడా తాగేస్తుంది. ఈక మాత్రం మళ్లీ ముందులా అవదు. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా అతుక్కుపోయే ఉంటుంది. 2017 జనవరిలో చెన్నై దగ్గర ఎన్నూరులో రెండు ఓడలు గుద్దుకుని చమురు ఒడ్డుకు కొట్టుకొస్తే మనుషులు బకెట్లతో ఎత్తిపోశారని చెబితే, నల్లటి చేతులు చూసుకుంటూ వింటారు. చెప్పవలసిన లోపం, ఇది చాలా మురికి పని. 35 మందితో ఒక్కరే చెయ్యకండి. నేను ఆయమ్మ సాయం లేకుండా ఒకసారి చేసి, నేల తుడవడానికి మధ్యాహ్నమంతా పోగొట్టాను.

ఇంకా పెద్ద లోపం ఒక పాప చూపించింది. ప్రయోగం అయ్యాక ఆ నూనె నీళ్లు సింకులో పోస్తున్నాను. "టీచర్, అది ఎక్కడికి పోతాది?" అంది. చేయి ఆగిపోయింది. సింకు నుంచి కాలువ, కాలువ నుంచి గెడ్డ, గెడ్డ నుంచి సముద్రం. సముద్రాన్ని కాపాడే పాఠం చెప్పి దానిలోకే నూనె పంపుతున్నాను. మర్నాడు పిల్లల్ని వరసగా నిలబెట్టి, బడి కుళాయి దగ్గర మొదలుపెట్టి కాలువ వెంట నడిచాం. గెడ్డ దగ్గరికి వెళ్లేసరికి చిప్స్ కవర్లు, టీ కప్పులు, పూజ పూల సంచులు లెక్కపెట్టలేకపోయారు. ఆ నడక ఇప్పుడు ఏటా చేయిస్తాను. నూనె నీళ్లు పేపర్లో ఇంకించి చెత్తకి ఇస్తాం. పరికరాలేవీ కొనలేని బడి అయితే, కాలువ వెంట నడక ఒక్కటి చేయించినా చాలంటాను.

పక్కన పెట్టినవి రెండు. గుడ్డు పెంకు వెనిగర్‌లో కరగడం చూపించి సముద్రం ఆమ్లమవుతోందని చెప్పడం ఈ వయసుకి అందలేదు. వాళ్లకి అది గారడీ. ఐదో తరగతికి వదిలేశాను. రెండోది, ముక్కులో స్ట్రా ఇరుక్కున్న తాబేలు వీడియో. మొదటి ఏడు చూపించాను. ఒక బాబు రెండు రాత్రులు నిద్రపోలేదని వాళ్లమ్మ వచ్చి చెప్పారు. తప్పు నాది. ఆ వయసుకి బాధ ముందు చూపిస్తే వాళ్లు చేయగలిగిందేమీ ఉండదు, భయమే మిగులుతుంది. ఇప్పుడు బాధ కలిగించేది ఏది చెప్పినా, అదే పూటలో చేతికి ఒక పని ఉండేలా చూసుకుంటాను. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి కొట్టుకొచ్చిన వేల్ షార్క్‌ని అటవీశాఖవాళ్లు, మత్స్యకారులు కలిసి ప్రాణాలతో సముద్రంలోకి పంపిన కథ అందుకే నాకు ఇష్టం. రెండు చీరలు వరసగా పరిస్తే పదకొండు మీటర్లు, పెద్ద వేల్ షార్క్ అంతకన్నా పొడవే ఉండొచ్చు. పిల్లలంతా చీరల చుట్టూ చేరి తోస్తారు.

గవ్వల గురించి ఒక హెచ్చరిక. తీరం నుంచి ఏరి తెమ్మని చెప్పకండి. ఒక పాప తెచ్చిన శంఖంలో సన్యాసి పీత బతికే ఉంది. డబ్బాలో రాత్రంతా గీరింది. సాయంత్రం బడి వదలగానే ఆ పాప నాన్నగారు, నేను వెళ్లి తడి రాళ్ల దగ్గర వదిలి వచ్చాం. అప్పటినుంచి గవ్వలు చూడటానికే, తేవడానికి కాదు.

ఖర్చు నాలుగేళ్లకి కలిపి నా జేబు నుంచి నాలుగు వేల లోపే. ఎక్కువ భాగం చెక్క తాబేళ్లకి, రెండు టబ్బులకి. ఇసుక బీచ్ నుంచి తేకండి, ఉప్పుకి చేతులు దురద పెడతాయి. ఇల్లు కట్టేచోట నుంచి నది ఇసుక తెచ్చి జల్లెడ పట్టి కడిగాను. సమయం మాత్రం బాగా తింటుంది. "ఇది పరీక్షలో వస్తుందా మేడం?" అని తల్లిదండ్రులు ఏటా అడుగుతారు. రాదనే చెబుతాను. లెక్క, భాష, ఓపిక ఇందులోనే వస్తున్నాయని వాళ్ల పిల్లల పుస్తకాలు తెరిచి చూపిస్తాను. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు.

ఒక్క టబ్బుతో మొదలుపెట్టేవాళ్లు ఉల్లిపాయల సంచి వలతో మొదలుపెట్టండి. నేను ఈసారి మార్చేది ఒకటుంది. 110 గుడ్లూ గోనెసంచిలో పదిలంగానే ఉన్నాయి. సంక్రాంతి తర్వాత ఒక గూడు వరండా ఎండలో, ఇంకోటి మెట్ల కింద నీడలో, చెరి 55 పెట్టి పాతుతాం. ఎండ గూట్లో ఎవరు పుడతారో, నీడ గూట్లో ఎవరు పుడతారో పిల్లలు ఇప్పటికే పందేలు కాస్తున్నారు.