తెల్ల చొక్కా కాలరు మీద నారింజ మరక: మూడు వేసవులు వాడిన జెల్ సన్‌స్క్రీన్

జిడ్డుండదు, ముఖం తెల్లగా పాలిపోదు, చెమటకి కారినా కళ్ళు మండవు. ఎస్‌పీఎఫ్ (ఎండకి చర్మం కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 50, పీఏ (ఎండలో చర్మం లోతుకి దిగే యూవీఏ కిరణాలను ఎంత ఆపుతుందో చెప్పే గుర్తు) నాలుగు ప్లస్‌లు ఉన్న ఈ జెల్‌ని మొదటి వేసవిలో ఈ మూడింటికే మెచ్చుకున్నాను. మొదటి రెండూ ఇప్పటికీ నిజమే. అయినా ఇప్పుడీ ట్యూబు చేతిలోకి తీసుకుంటే గుర్తొచ్చేది ఒక్కటే, కాలరు లోపలి మడత మీద తుప్పు రంగులో తేలే గీత.

ఈ మరక తీరే వేరు. చొక్కా విప్పినప్పుడు మామూలు చెమట జిడ్డులాగే ఉంటుంది. ఉతికి దండెం మీద వేశాకే బయటపడుతుంది. మొదట లేత పసుపు, నాలుగైదు ఉతుకులయ్యేసరికి ముదురు నారింజ. ఉతికాక కనిపిస్తుంది కాబట్టి అందరూ సబ్బుపొడినే అనుమానిస్తారు. అసలు కారణం జెల్‌లోని అవోబెంజోన్. అట్ట మీద దాన్ని బ్యూటైల్ మీథాక్సీడైబెంజాయిల్‌మీథేన్ అని రాస్తారు. యూవీఏ కిరణాలను ఆపే ఫిల్టరు అదే. నూనెలో కరిగే పదార్థం కావడంతో నూలు దారాల్లోకి ఇంకిపోతుంది, మామూలు ఉతుకుకి పూర్తిగా వదలదు. ఉతికే నీళ్ళలో ఇనుముంటే దానితో కలిసి ఎర్రబడుతుంది. తోడినప్పుడు తేటగా ఉండి, బకెట్లో రాత్రంతా నిలవుంటే అడుగున ఎర్రటి మడ్డి దిగే బోరు నీళ్ళయితే ఈ తిప్పలు తప్పవు. అదే జెల్ రాసుకుని వేసుకున్న చొక్కాని నల్లా నీళ్ళలో ఉతికితే గీత పడలేదు.

మరక కనబడగానే చేతికొచ్చేది బ్లీచు. అదే అన్నిటికంటే పెద్ద తప్పు. క్లోరిన్ తగిలితే రంగు ఇంకా ముదిరి కూర్చుంటుంది. పనికొచ్చింది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పొడి. అర మగ్గు గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా కలిపి, మరక పడ్డ చోటు మాత్రం అరగంట నానబెట్టి, బాగా జాడించి ఆ తర్వాత ఉతకాలి. పాత మరకకి రెండు మూడు సార్లు పడుతుంది. రంగు బట్టయితే ముందు లోపలి అంచు మీద ఓ చుక్క వేసి చూసుకోండి. బ్లీచు తగిలిన బట్టకి మాత్రం నిమ్మ ఉప్పు పెట్టొద్దు, విషవాయువు వస్తుంది. అసలు మరక పడకుండా ఉండాలంటే, తడపకముందే పొడి కాలరు మీద గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు రుద్ది పది నిమిషాలు ఉంచాలి. నూనె ముందే విడిపోతే ఇనుముకి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. జెల్ రాశాక పావుగంట ఆగి చొక్కా వేసుకున్నా చాలా తేడా ఉంటుంది.

కళ్ళు మండవన్న మాట కూడా సవరించుకోవాలి. అప్పట్లో ముఖానికి రాసుకున్నది శనగగింజంతే. ఎస్‌పీఎఫ్ కొలిచేది చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసి. అంటే ముఖానికీ మెడకీ చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు, సుమారు ఒక గ్రాము. అంత రాస్తే మధ్యాహ్నం చెమటకి కనుబొమల మీది జెల్ కళ్ళలోకి దిగి మండుతుంది. కనురెప్పలకీ నుదుటి కింది అంచుకీ జింక్ ఆక్సైడ్ స్టిక్కు వాడితే ఆ బాధ లేదు. 50 గ్రాముల ట్యూబు మూడు నెలలొస్తుందని అప్పట్లో నేననుకున్నదీ ఆ శనగగింజ లెక్కే. రోజుకి రెండు సార్లు సరిగ్గా రాస్తే 25 రోజులు. మొత్తం ఒక్కసారే పులిమితే ఉండలు కడుతుంది, సగం రాసి ఆరనిచ్చి మిగతా సగం అద్దాలి.

మంగు మచ్చలున్నవాళ్ళకి ఈ జెల్ ఒక్కటే చాలదు. మన చామనఛాయ చర్మంలో మంగుని కంటికి కనిపించే వెలుతురు కూడా పెంచుతుంది. దాన్ని ఆపాలంటే ఐరన్ ఆక్సైడ్లు కలిపిన రంగు సన్‌స్క్రీన్ కావాలి. ఈ జెల్‌లో అవి లేవు.

మళ్ళీ కొంటానా? బోరు నీళ్ళే దిక్కైన ఇంట్లో, వారానికి ఐదు రోజులు తెల్ల చొక్కా వేసుకునే ఉద్యోగంలో ఉన్నంతకాలం మెడకి కొనను. మెడకి జింక్ ఆక్సైడ్ క్రీమే. అది కాలరుకి అంటినా సబ్బుకి పోతుంది. ముఖానికి మాత్రం ఈ జెల్‌నే ఉంచుకున్నాను. ఇంతవరకూ ఇంత తేలిగ్గా చర్మంలో కలిసిపోయింది ఇంకోటి దొరకలేదు.