మూడు సర్వర్ల గదికి ఏది మేలు: వీస్పియర్ 8, హైపర్-వీ, ప్రాక్స్‌మాక్స్?

కడప, కర్నూలు, అనంతపురంలో ఏ కాలేజీకో ఆసుపత్రికో వెళ్లినా, ఎర్రగుంట్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్లినా సర్వర్ రూములో చాలావరకు కనిపించేది ఒకటే. ఒక ర్యాక్, మూడు సర్వర్లు, ఒక స్టోరేజ్ బాక్స్, వాటి మీద వీఎంవేర్ కంపెనీ వీస్పియర్ 7. ఇది హైపర్‌వైజర్, అంటే ఒకే సర్వర్‌లో విడివిడి కంప్యూటర్లలా పనిచేసే వీఎంలను (వర్చువల్ మెషీన్లను) నడిపే సాఫ్ట్‌వేర్. మైక్రోసాఫ్ట్ హైపర్-వీ, ప్రాక్స్‌మాక్స్ చేసేదీ ఈ పనే. లైసెన్సు ఎప్పుడో ఒకసారి డబ్బు కట్టి శాశ్వతంగా కొన్నది. ఆ వీస్పియర్ 7కి సాధారణ సపోర్టు 2025 అక్టోబర్ 2తో అయిపోయింది. 2023 నవంబర్‌లో వీఎంవేర్‌ను కొన్న బ్రాడ్‌కామ్, ఆ డిసెంబర్‌లోనే శాశ్వత లైసెన్సుల అమ్మకాన్నీ వాటి సపోర్టు రెన్యువల్‌నీ ఆపేసింది. 7 కీ 8 మీద పనిచేయదు. సపోర్టు కాంట్రాక్టు నడుస్తున్నప్పుడే 8 కీ తీసుకోనివాళ్లకు ఇప్పుడు మిగిలింది చందా కట్టడమో, ఇల్లు మారడమో, అంటే వేరే హైపర్‌వైజర్‌కు వెళ్లడమో.

7 మీదే ఉండిపోతే? నడుస్తుంది, ఎవరూ ఆపరు. కానీ ప్యాచ్‌లు రావు. 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐ (వీస్పియర్‌లో సర్వర్ మీద ఎక్కే భాగం) సర్వర్లను కుమ్మేసిన రాన్సమ్‌వేర్ దూరింది 2021లోనే ప్యాచ్ వచ్చిన కంతలోంచి. ప్యాచ్ ఉండి వేయనివాళ్ల గతే అలా ఉంటే, ప్యాచే రాని వెర్షన్‌ను రోగుల రికార్డుల కింద పెట్టుకోవడం తప్పు. మరీ తప్పనిసరైతే నాలుగైదు నెలలు, అదీ మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌ను మిగతా ఆఫీసు నెట్‌వర్క్ (ఎల్ఏఎన్) నుంచి పూర్తిగా విడదీసి.

ముందు లెక్క

కొటేషన్ అడగకముందే కోర్లు లెక్కపెట్టండి. మూడు సర్వర్లు, ఒక్కోదానిలో రెండు ప్రాసెసర్లు, ఒక్కో ప్రాసెసర్‌కు 10 కోర్లు అనుకుందాం. మొత్తం 60 కోర్లు. వాటి మీద 14 విండోస్ సర్వర్ వీఎంలు, 6 లినక్స్ వీఎంలు.

వీస్పియర్ చందా కోర్ల లెక్కన, ప్రాసెసర్‌కు కనీసం 16. అంటే 6 × 16 = 96. లేని 36 కోర్లకు ఏటా డబ్బు కడతారు. పాత చిన్న ప్రాసెసర్లున్న చోట బిల్లు తడిసి మోపెడయ్యేది ఇక్కడే. ప్రాక్స్‌మాక్స్ సపోర్టు చందా ప్రాసెసర్ సాకెట్ లెక్కన, అంటే 6. విండోస్ సర్వర్‌కు ప్రాసెసర్‌కు కనీసం 8, సర్వర్‌కు కనీసం 16 కోర్లు. మనకు సర్వర్‌కు 20 ఉన్నాయి కాబట్టి ఉన్నవాటికే కట్టాలి.

ఎక్కువమంది మరిచిపోయేది ఒకటుంది. కింద ఏ హైపర్‌వైజర్ ఉన్నా, పైన నడిచే విండోస్ వీఎంలకు లైసెన్సు ఆ సర్వర్ల భౌతిక కోర్లకే తీసుకోవాలి. స్టాండర్డ్ ఎడిషన్ కోర్లన్నిటికీ ఒకసారి కొంటే రెండు వీఎంలకు హక్కు. ఒక సర్వర్ పడిపోతే 14 వీఎంలు మిగతా రెండింటి మీదికి ఏడేసి వస్తాయి. ఏడుకు నాలుగుసార్లు కొనాలి, 4 × 20 = 80. లైసెన్సును ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి 90 రోజులకొకసారే మార్చగలం కాబట్టి మూడింటికీ 80 చొప్పున 240. డేటాసెంటర్ ఎడిషన్‌కైతే 60 చాలు, వీఎంలకు పరిమితి లేదు. కానీ దాని ధర స్టాండర్డ్‌కు దాదాపు ఆరింతలు. కాబట్టి 14 దగ్గర స్టాండర్డే చవక. విండోస్ వీఎంలు 20 దాటితే డేటాసెంటర్ గెలుస్తుంది.

ఈ లైసెన్సు మీకు ఇప్పటికే సక్రమంగా ఉంటే, ఆ వెర్షన్ వరకు హైపర్-వీకి విడిగా రూపాయి కట్టక్కర్లేదు.

వీస్పియర్ 8

పనిలో అన్నిటికన్నా తేలిక ఇదే. వీఎంలు కదలవు, స్టోరేజ్ కదలదు, బ్యాకప్ మారదు. 6.7 నుంచైనా 7 నుంచైనా నేరుగా రావచ్చు. వరస మాత్రం తప్పకూడదు: ముందు వీసెంటర్ (సర్వర్లన్నిటినీ ఒకచోట నుంచి నడిపేది), తరవాత ఒక్కో హోస్టు (వీఎంలు నడిచే సర్వర్), ఆపైన వీఎంవేర్ టూల్స్ (వీఎం లోపల ఉండే డ్రైవర్లు), చివర్లో వీఎం హార్డ్‌వేర్ వెర్షన్. ఆ చివరిది ఒకసారి పెంచితే వెనక్కి రాదు. తొందరేమీ లేదు, వదిలేసినా నడుస్తుంది.

వీసెంటర్ అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయిందంటే ముందు చూడాల్సినవి మూడు: డీఎన్ఎస్‌లో పేరు నుంచి ఐపీకి, ఐపీ నుంచి పేరుకు రెండు వైపులా దొరకకపోవడం, హోస్టుకూ వీసెంటర్‌కూ గడియారం తేడా, 90 రోజుల గడువు దాటిన రూట్ పాస్‌వర్డ్. మొదలెట్టే ముందు వీసెంటర్ 5480 పోర్టు పేజీలోంచి ఫైల్ బ్యాకప్ తీసుకోండి. హోస్టులకు మామూలు ఐఎస్ఓ కాకుండా సర్వర్ తయారీదారు ఇచ్చే ఇమేజ్ వాడండి. పాత రెయిడ్ కార్డుకు 8లో డ్రైవర్ లేకపోతే హోస్టు బాగానే లేస్తుంది, డేటాస్టోర్ (వీఎంల డిస్కులుండే చోటు) మాత్రం కనబడదు. శాండీ బ్రిడ్జ్ తరం జియాన్‌ల మీద 8 అసలు ఎక్కదు. ఎస్‌డీ కార్డు నుంచి బూట్ అయ్యే సర్వర్లకు ఈ సందర్భంలోనే ఒక చిన్న ఎస్ఎస్‌డీ వేసేయండి.

60 రోజుల ఉచ్చు గురించి కాస్త గట్టిగా చెప్పాలి. 8కి ఎక్కాక కొత్త కీ వేయకపోతే హోస్టు ట్రయల్ మోడ్‌లోకి పోతుంది. ఆ రోజుల్లో అన్నీ పనిచేస్తాయి, ఎవరికీ అనుమానం రాదు. గడువు తీరాక హోస్టు వీసెంటర్ నుంచి విడిపోతుంది. నడుస్తున్న వీఎంలు నడుస్తూనే ఉంటాయి, కాబట్టి అప్పుడూ ఎవరూ గమనించరు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి, యూపీఎస్ చేతులెత్తేసి, సర్వర్లన్నీ ఆగి లేచినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది: ఒక్క వీఎం కూడా ఆన్ కాదు. ఓపీ కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటారు. అప్‌గ్రేడ్ చేసిన రోజే లైసెన్స్ పేజీలో మూడు హోస్టులకూ కొత్త కీ కేటాయించి, గడువు తేదీ కాగితం మీద రాసి ర్యాక్‌కు అతికించండి.

8కి సపోర్టు 2027 అక్టోబర్ 11 వరకే. ఆ తరవాతి 9, పెద్ద ప్యాకేజీలైన వీసీఎఫ్, వీవీఎఫ్ చందాదారులకే ఇస్తున్నారు. వీస్పియర్ స్టాండర్డ్ చందా 8 దగ్గరే ఆగుతుంది. అందులో వీమోషన్ (నడుస్తున్న వీఎంను ఇంకో సర్వర్‌కు కదపడం), హెచ్ఏ (సర్వర్ పడిపోతే వీఎంలను ఇంకోదాని మీద లేపడం) ఉన్నాయి, డీఆర్ఎస్ (భారాన్ని బట్టి వీఎంలను తనంతట తానే సర్దడం) లేదు. మూడు సర్వర్లకు అది లేకపోయినా ఇబ్బంది లేదు, వీఎంలను చేత్తో కదుపుకోవచ్చు.

హైపర్-వీ

విండోస్ చేయి తిరిగిన మనిషి ఉన్న చోట ఇది బాగా కుదురుతుంది. లైసెన్స్ మెలిక ఒకటి తెలుసుకోండి. విండోస్ సర్వర్ 2022ను వాడే ప్రతివాళ్లకూ 2022 క్యాల్ (వాడేవాళ్ల లైసెన్సు) కావాలి, 2019 క్యాల్ చెల్లదు. అయితే 2022 హోస్టు వీఎంలు నడపడానికి తప్ప ఇంకేదానికీ వాడకుండా, లోపలి వీఎంలు 2019వే అయితే పాత క్యాల్‌లు సరిపోతాయి. అందుకే హోస్టు మీద ఫైల్ షేరింగ్, ప్రింటర్ పెట్టకండి.

ఇప్పటికే 2019 హైపర్-వీ క్లస్టర్ (ఒకటిగా పనిచేసే సర్వర్ల గుంపు) ఉన్నవాళ్లు 2022కి ఒక్కో నోడ్ (అందులోని సర్వర్) తీసి మార్చుకోవచ్చు. ఒకసారికి ఒక వెర్షనే, నాలుగు వారాల్లో పూర్తి చేయాలి. చివర్లో ఇచ్చే అప్‌డేట్-క్లస్టర్‌ఫంక్షనల్‌లెవెల్ కమాండ్‌కు వెనక్కి దారి లేదు. అన్ని నోడ్లూ వారం సాఫీగా నడిచాకే ఇవ్వండి. డొమైన్ కంట్రోలర్లు (లాగిన్‌లను సరిచూసే సర్వర్లు) అన్నిటినీ క్లస్టర్ లోపలే పెట్టకండి. కరెంటు పోయి వచ్చాక లాగిన్‌కే దారి లేక ఇరుక్కుంటారు. ఒకటి బయట ఉండాలి.

ప్రాక్స్‌మాక్స్

సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుము లేదు. చందా కట్టేది ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీకి (బాగా పరీక్షించిన అప్‌డేట్లు దొరికే చోటు), ఎంచుకున్న స్థాయిని బట్టి సపోర్టుకు. 2025 ఆగస్టులో 9 వచ్చింది. 8 నుంచి మారేవాళ్లు ముందు పీవీఈ8టు9 అనే తనిఖీ కమాండ్ నడిపి, అది ఎర్రగా చూపించినవన్నీ సరిచేసుకున్నాకే ముందుకెళ్లాలి.

వీఎంవేర్ నుంచి వచ్చేవాళ్లకు ఈఎస్ఎక్స్ఐ ఇంపోర్ట్ విజార్డ్ ఉంది. లినక్స్ వీఎంలు పెద్దగా ఇబ్బంది పెట్టవు. విండోస్ వీఎంలకే జాగ్రత్త. దిగుమతికి ముందే వీఎంవేర్ టూల్స్ తీసేయండి, వచ్చాక అది అన్‌ఇన్‌స్టాల్‌కు మొరాయిస్తుంది. స్నాప్‌షాట్లు (వీఎం ఒకప్పటి స్థితిని దాచిన కాపీలు) అన్నీ తొలగించండి. స్టాటిక్ ఐపీ రాసిపెట్టుకోండి, నెట్‌వర్క్ కార్డు మారగానే అది పోతుంది. మొదటిసారి డిస్కును సాటాగా పెట్టి లేపండి. 1 జీబీ ఖాళీ డిస్కును విర్ట్ఐఓ (వీఎంల కోసమే చేసిన వేగమైన డ్రైవర్ పద్ధతి) స్కజీగా తగిలించి డ్రైవర్ ఎక్కించండి. వీఎం ఆపి, అసలు డిస్కును అప్పుడు విర్ట్ఐఓకు మార్చండి. నేరుగా మార్చేస్తే బూట్ డివైస్ దొరకలేదంటూ నీలం తెర వస్తుంది.

స్టోరేజ్ బాక్స్ ఐస్కజీదో (నెట్‌వర్క్ మీద డిస్కు ఇచ్చేది) ఫైబర్ ఛానల్‌దో (దానికి విడి కేబుళ్లు వాడేది) అయితే ఆలోచించాల్సింది ఉంది. అక్కడ షేర్డ్ ఎల్‌వీఎం (సర్వర్లన్నీ పంచుకునే లినక్స్ డిస్కు పద్ధతి) మీద స్నాప్‌షాట్లు 8లో లేవు. 9లో వచ్చాయి గానీ ఇంకా టెక్నాలజీ ప్రివ్యూగానే. ఇక కోరం: మూడు నోడ్లలో రెండు బతికి ఉండాలి. ఒక్కటే మిగిలితే, పీవీఈసీఎం ఎక్స్‌పెక్టెడ్ 1 అని చెబితే తప్ప ఏ వీఎం లేవదు. మిగతా రెండూ నిజంగా ఆగి ఉన్నాయని కళ్లారా చూశాకే ఆ కమాండ్ ఇవ్వాలి.

ఎవరికి ఏది

విండోస్ లైసెన్సులు చేతిలో ఉండి, వీఎంలు ఎక్కువగా విండోస్‌వే అయితే హైపర్-వీ. మన ఉదాహరణకు మా మొగ్గు దానికే. లినక్స్ వీఎంలు ఎక్కువై, రాత్రి పదకొండుకు కూడా టెర్మినల్ ముందు తడబడని మనిషి ఊళ్లోనే ఉంటే ప్రాక్స్‌మాక్స్. మీరు కర్నూలులో ఉండి ఆ మనిషి హైదరాబాద్‌లోనో, మీరు అనంతపురంలో ఉండి ఆ మనిషి బెంగళూరులోనో ఉంటే, రెండు వందల కిలోమీటర్ల ప్రయాణాన్ని కూడా ఖర్చులో కలపండి. అప్లికేషన్ కంపెనీ వీఎంవేర్ మీద తప్ప సపోర్టు ఇవ్వనని రాతపూర్వకంగా అంటేనే వీస్పియర్ 8, అదీ 2027 అక్టోబర్ దాటని చందాతో.

ఇల్లు మారేవాళ్లు సమయం లెక్క వేసుకోండి. ఒక గిగాబిట్ లింకు మీద 1 టీబీ కాపీకి సుమారు రెండున్నర గంటలు. 6 టీబీకి పదిహేను. వీఎంఎఫ్ఎస్ (వీఎంవేర్ సొంత ఫార్మాట్) డిస్కును కొత్త హైపర్‌వైజర్‌కు నేరుగా అప్పగించలేరు కాబట్టి అంతే ఖాళీ స్థలం ఇంకోచోట ఉండాలి. ఏసీలు అలసిపోయే ఏప్రిల్, మే వద్దు. సంక్రాంతి సెలవులు మేలు. పాత వీఎంలను ఆపి, నెట్‌వర్క్ కార్డు టిక్కు తీసేసి, రెండు వారాలు చెరపకుండా ఉంచండి.